రేవులో గొంతు పట్టేసింది, ఫోటోలో మాత్రం ఏమీ లేదు. ఎందుకు?

సంక్రాంతికి రాజోలు దగ్గర అత్తగారి ఊరు వచ్చి, నాలుగు రోజుల్లో నాలుగొందల ఫోటోలు తీశానని రాశారు. "సఖినేటిపల్లి రేవులో పొద్దు వాలుతుంటే గొంతు పట్టేసింది. నది దాటించే ఆఖరి పంటు నరసాపురం వైపు వెళ్ళిపోతోంది. మా మామగారు ఉన్నప్పుడు రేవు దాకా వచ్చి మమ్మల్ని పంటు ఎక్కించేవారు. తీరా ఇంటికొచ్చి చూస్తే ఫోటోల్లో ఆకాశం, నీళ్ళు, కొబ్బరిచెట్లు అన్నీ ఉన్నాయి, ఆ సాయంత్రం మాత్రం లేదు. లెన్సు మార్చాలా, ఎడిటింగ్ నేర్చుకోవాలా?" ఇదీ మీ ప్రశ్న.

ప్రస్తుతానికి రెండూ అక్కర్లేదండి. మిమ్మల్ని పట్టుకున్నది ఏదో తేల్చుకోకముందే కెమెరా ఎత్తేశారు. అందుకే ఎదురుగా ఉన్నదంతా ఫ్రేములోకి వచ్చి కూర్చుంది. ఏ ఒక్కదాని వల్ల గొంతు పట్టేసిందో ముందు గుర్తుపట్టి, దానికి పనికిరానివన్నీ బయట వదిలేయాలి. ఈ పనిలో కష్టమంతా అక్కడే. మిగతావి సాధన మీద వచ్చేస్తాయి.

మీరు రాసిందే మళ్ళీ చదవండి. పొద్దు వాలడం గురించి అరముక్క రాశారు. పంటు గురించి, మామగారి గురించి రెండు వాక్యాలు రాశారు. ఇప్పుడు నాలుగొందల్లో సూర్యుడివి ఎన్ని, వెళ్ళిపోతున్న పంటువి ఎన్ని, ఖాళీ అయిన రేవువి ఎన్ని లెక్కపెట్టుకోండి. మూడోది సున్నా అయితే నేను ఆశ్చర్యపోను. మిమ్మల్ని తాకింది ఎర్రటి ఆకాశం కాదు, ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉండటం. ఆకాశం ఆ వేళకు తోడుగా ఉందంతే.

నేను ఇరవై రెండేళ్ళుగా అమలాపురం చుట్టుపక్కల ఫోటోలు తీస్తున్నాను. బతుకుతెరువు పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు. తెల్లవారుజామున ఏటిగట్ల మీద తిరగడం మాత్రం నా సొంతానికి. మీ బాధే నాకూ మొదటి అయిదారేళ్ళు ఉండేది.

ఇలా ఎందుకవుతుందో చెప్తాను. మనసు దేని మీదైనా పడితే చూపు దాని మీదే బిగుసుకుంటుంది, చుట్టుపక్కలది ఉన్నా లేనట్టే. కెమెరాకి ఆ పక్షపాతం లేదు. పైగా ఫోనులో మామూలుగా వాడే లెన్సు బాగా వెడల్పుగా చూస్తుంది. గోదావరి పాయ వశిష్ఠ అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు మీ కంటికి బారులు తీరి నిలబడ్డట్టుంటాయి, దాని లెక్కలో మాత్రం పచ్చటి గీత. వెళ్ళిపోతున్న పంటు నల్లటి చుక్క. ఇక ఆ వేళ పైరగాలి, నీటి వాసన, ఇంజను చప్పుడు దూరమవడం, ఇవన్నీ మీ గొంతులోకి వచ్చాయి గానీ కెమెరాలోకి రాలేదు. దానికి తెలిసింది వెలుతురొక్కటే.

కాబట్టి మిగతా వాటికి వెలుతురులో సాక్ష్యం వెతకాలి. గాలి ఉందంటే కొబ్బరిమట్టలన్నీ ఒకే వైపు దువ్వినట్టుంటాయి, నీటి మీద ముడతలుంటాయి. చలి ఉందంటే పడవవాడు తువ్వాలు తలకి చుట్టుకుని ఉంటాడు. పంటు ఇప్పుడే వెళ్ళిందంటే నీళ్ళ మీద దాని జాడ ఇంకా కలిసిపోకుండా ఉంటుంది. చూడగలిగితే ఇలాంటి సాక్ష్యం ఎప్పుడూ ఒకటో రెండో దొరుకుతాయి.

నేను పాటించేది ఒకటే. కెమెరా ఎత్తేముందు, ఏమనిపిస్తోందో ఒక్క మాటలో పైకి అనుకుంటాను. "అందంగా ఉంది" అన్నది లెక్కలోకి రాదు, దాని వల్ల ఏ నిర్ణయమూ జరగదు. "ఖాళీగా ఉంది" అనుకుంటే నీళ్ళకీ ఇసుకకీ ఎక్కువ చోటిస్తాను, మనిషిని చిన్నగా అంచున పెడతాను. "ఇంటికొచ్చినట్టుంది" అనిపిస్తే దగ్గరికి వెళ్తాను, కిందికి వంగిన కొమ్మనో పెంకుటింటి చూరునో పైన అడ్డుగా తీసుకుంటాను. "భయంగా ఉంది" అనిపిస్తే ఆకాశాన్ని పూర్తిగా కోసేసి నీళ్ళు ఫ్రేము అంచుల దాకా నింపుతాను.

భయం మాట వచ్చింది కాబట్టి 2022 జూలై సంగతి చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిన వరద అది. నది మధ్య దీవుల్లాంటి మా లంకల్లో పిల్లలకి కూడా ఆ అంకెలు కంఠతా వచ్చు: 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా పెద్దవాళ్ళు ఏ వరద వచ్చినా 1986తోనే పోలుస్తారు. ఆ రోజు పొద్దుణ్ణుంచీ గట్టు మీద నిలబడి గౌతమి పాయని తీస్తూనే ఉన్నాను. ఎర్రనీరు, కొట్టుకొచ్చే చెట్లు, మునిగిన అరటితోటలు. సాయంత్రం చూసుకుంటే అన్నీ దున్నిన చేనులా ఉన్నాయి. అంత నీరు, అందులో భయమన్నది లేదు.

చీకటి పడుతుండగా ఒక పెద్దాయన గట్టు వాలులో, నీటి అంచున వెదురు పుల్ల పాతడం చూశాను. కత్తితో దానికి జానెడు జానెడు దూరంలో నాలుగు గాట్లు పెట్టాడు. గంట గంటకీ టార్చి పట్టుకుని వచ్చి చూసిపోతున్నాడు. రాత్రి తొమ్మిదింటికి రెండో గాటు మునిగింది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆ పుల్లని, నీటి గీతని, టార్చి వెలుగుని తీశాను. నది మొత్తం చీకట్లో ఉంది, ఫోటోలో కనిపించేది రెండు జానల నీళ్ళే. ఆ ఫోటో చూసినవాళ్ళు "మూడో గాటు మునిగిందా?" అనే అడిగారు, ఒక్కరు కూడా బాగుందనలేదు. నాకు కావలసింది ఆ ప్రశ్నే.

ఇక మన ప్రాంతంతో ఉన్న ఇబ్బంది. పాపికొండల దగ్గర ఫోటో తీసేవాడికి సగం పని కొండలే చేసిపెడతాయి. ధవళేశ్వరం దాటి డెల్టాలోకి దిగాక కొండా గుట్టా లేదు. ఎక్కడ నిలబడ్డా అడ్డంగా మూడు పట్టీలు: కింద నీళ్ళో చేనో, మధ్యలో చెట్ల గీత, పైన ఆకాశం. అందుకే కోనసీమ ఫోటోలు పది చూస్తే పదీ ఒకేలా ఉంటాయి. ఈ మూడు పట్టీల్లో ఏది ముఖ్యమో మీరు తేల్చాలి, మిగతా రెండింటిని పక్కకి నెట్టాలి. ఆకాశంలో ఏమీ లేకపోతే దానికి చోటివ్వకండి. మార్చి నుంచి తొలకరి దాకా మన ఆకాశం ఉక్కకి పాలిపోయి తెల్లగా ఉంటుంది, ఆ నెలల్లో నేను దాదాపు ఆకాశం లేకుండానే తీస్తాను. జూన్ చివర మబ్బులు కమ్మినప్పుడు చేనుని సన్నటి గీతగా కిందకి తోసేసి ఫ్రేమంతా వాటికే వదిలేస్తాను.

ఎత్తు కావాలంటే ఏటిగట్టు ఎక్కండి. పది పన్నెండు అడుగులు పైకి వెళ్తే చాలు, చేనుగట్లూ, బోదెలనే పిల్లకాలువలూ గీతలు గీతలుగా విడిపోతాయి. దిండి దగ్గర చించినాడ వంతెన, యానాం వైపు ఎదుర్లంక వారధి కూడా మంచి చోట్లే, బండ్లని చూసుకుని నిలబడాలి. లేదంటే పూర్తిగా కిందికి దిగండి. ఊడ్పుల వేళ చేనుగట్టు మీద బోర్లా పడుకుని తీస్తే జానెడు నారు చెట్లంత ఎత్తు కనిపిస్తుంది. నిలబడి గుండె ఎత్తులో తీసినవే చప్పగా వస్తాయి. నీటిగీత మాత్రం ఒక్క డిగ్రీ కూడా వాలకూడదు, గోదావరి ఒక పక్కకి ఒలికిపోతున్నట్టు అనిపిస్తుంది. ఫోన్‌లోనూ కెమెరాలోనూ గ్రిడ్ గీతలు వేసుకోండి.

లెన్సు సంగతి అడిగారు. కొత్తది కొనకండి, మీ కెమెరాతో వచ్చిన జూమ్ లెన్సునే బాగా లాగి వాడండి. దూరపు లెన్సు పట్టీలని దగ్గరికి లాగుతుంది, అవతలి ఒడ్డు చెట్లు పడవ వెనకాలే గోడలా వచ్చి నిలబడతాయి. మీ రేవు ఫోటోకి కావలసింది అదే.

వేళల గురించి. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ సుమారు 6.35కి తెల్లవారుతుంది, 5.50కి పొద్దు వాలుతుంది. సూర్యుడు మునగ్గానే అందరూ కెమెరాలు సర్దేస్తారు. నాకు నచ్చిన ఫోటోల్లో ఎక్కువ భాగం ఆ తరవాతి పావుగంటలోనివే. వెలుతురు మెత్తబడుతుంది, నీడలుండవు, నీళ్ళు ఆకాశం కంటే ఒక పిసరు ముదురు రంగులో ఉంటాయి. ఆ వేళకి చెయ్యి వణుకుతుంది కాబట్టి గోడకో చెట్టుకో ఆనించండి. ఫోన్‌లో అయితే తెర మీద వేలు నొక్కిపట్టి వెలుతురు లాక్ చేసి, వేలిని కొంచెం కిందికి జరపండి. లేకపోతే ఫోను సందెవేళని మధ్యాహ్నం చేసేస్తుంది. మీ ఫోటోల్లో "ఆ సాయంత్రం లేదు" అనడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

పొగమంచుకి దీనికి తిరగేసి చేయాలి. వెలుతురు కొలిచే కెమెరా మీటరు దేన్నయినా మధ్యరకం బూడిదరంగు కిందే లెక్కగడుతుంది, తెల్లటి మంచు మురికిగా వస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే లోపలికి పడే వెలుతురు, ఒక మెట్టు పెంచండి. ధనుర్మాసంలో కాలువల మీద మంచు లేస్తున్నప్పుడు ఎండ పడిన పది పదిహేను నిమిషాలు చాలా గొప్పగా ఉంటాయి. ఆ పది నిమిషాల కోసం చీకటితో లేవాలి, వేరే దారి లేదు.

లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ ఒక్కటి కొనుక్కోవచ్చు. కొబ్బరిమట్టల మీద, అరటాకుల మీద ఎండకి తెల్లటి మెరుపు వస్తుంది, ఫోటోలో పచ్చదనం పాలిపోవడానికి అదే కారణం. ఫిల్టర్ తిప్పితే ఆ మెరుపు పోతుంది. నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూస్తున్నప్పుడు ప్రతిబింబాన్ని అది దాదాపు పూర్తిగా తుడిచేస్తుంది. ఊడ్పుల మడిలో ఆ పని చేశారో, బురద మిగులుతుంది. అక్కడ మనల్ని ఆపేసేది మడిలో దిగిన ఆకాశమే కదా.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. కోనసీమని "ప్రకృతి అందాలు" అంటారు గానీ, మనం చూసే ఈ దృశ్యంలో సగం మనుషులు కట్టుకున్నది. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట, దాని కాలువలు, లాకులు, తూములు, ఏటిగట్లు, వరస పెట్టి నాటిన కొబ్బరి. పి.గన్నవరం దగ్గర అక్విడక్టులో కాలువ వైనతేయ పాయ మీదుగా నది దాటి వెళ్తుంది. ఫోటోల్లోంచి మనుషుల జాడ తుడిచేసి పచ్చదనమొక్కటే మిగల్చాలని చూస్తే, ఈ నేల మీద మనకి కలిగే అనుభూతికి వేరు తెగిపోతుంది. నా మొదటి అయిదారేళ్ళ ఫోటోలన్నీ అలా వేరు తెగినవే.

నా దగ్గర కొన్నాళ్ళు అనంతపురం జిల్లా కుర్రాడు పనిచేశాడు. జూన్‌లో ఒకసారి లాకుల దగ్గరికి తీసుకెళ్ళాను. ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు ఎండిన కాలువలోకి అప్పుడే చేరుతున్నాయి. గుర్రపుడెక్కని తోసుకుంటూ, నురగతో వస్తున్నాయి. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అన్నా, ఈ నీళ్ళు ఎవురివి?" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఈ కాలువ పక్కనే ఉన్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. అప్పట్నుంచి కాలువని తీసే పద్ధతే మారిపోయింది. నీళ్ళు ఎవరి చేలోకి వెళ్తున్నాయో వెంటపడి చూస్తాను. తూము పైకి లేపుతున్న చెయ్యి, శివారు రైతు బోదె ఒడ్డున కూర్చుని ఎదురుచూడటం, తడిసిన మన్ను రంగు మారే గీత. ఇవేవీ క్యాలెండర్ ఫోటోలు కావు. కానీ వాటిని చూసినవాళ్ళకి ఊరట కలుగుతుంది, నేను వెతికింది ఆ ఊరటనే.

తెలిసినకొద్దీ చూపు మారుతుంది. మా పెదనాన్నగారి తోటలో కొబ్బరిచెట్లన్నీ ఒకే ఎత్తు. ఎవరైనా "ఎంత పొందికగా ఉందో" అంటారు. అవి 1996 నవంబరు 6 తుపానుకి తోట మొత్తం పడిపోయాక, ఒకేసారి నాటినవి. ఆ సంగతి తెలిశాక ఆ వరసని అదే మనసుతో ఎలా తీయగలం? ఒక చివర మాత్రం పాత చెట్టు ఒకటుంది, నడుము వంగిపోయి. నేను తీసినప్పుడల్లా అది ఫ్రేములో ఉండేలా చూసుకుంటాను.

రాజమండ్రి వెళ్ళినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి ఒక గంట కేటాయించండి. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన చిత్రకారుడాయన. బొమ్మ గీసేవాడు ఖాళీ కాగితంతో మొదలుపెడతాడు, ఒక్కో గీతా కావాలనే వేస్తాడు. మనకి ఎదురుగా అంతా నిండి ఉంటుంది, తీసేయడమే మన పని. ఆ బొమ్మల్లో ఏమేం వేయకుండా వదిలేశాడో చూడండి. నాకు ఫోటోగ్రఫీ వీడియోల కంటే ఆ గదులే ఎక్కువ నేర్పాయి.

ఋతువుల గురించి క్లుప్తంగా. జూలైలో సార్వా (తొలి పంట) ఊడ్పులప్పుడు మడులు అద్దాల్లా ఉండేది రెండు మూడు వారాలే, నారు కమ్ముకుంటే అద్దం పోతుంది. వరదలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో లంకల మీద రెల్లు పూస్తుంది, ఎండకి ఎదురుగా నిలబడి తీయండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. పచ్చటి చేల మధ్య నుంచి, కాలువ నీళ్ళలోంచి వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల్ని భుజాల మీద మోసుకొస్తారు. అక్కడ ప్రభ కంటే మోస్తున్నవాళ్ళ మెడలు, నీళ్ళలో తడబడే కాళ్ళు చూడండి. ఏప్రిల్లో దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పుడెవరూ కెమెరా పట్టుకుని రారు. నాకైతే ఆ ఎండిన కాలువ చాలా ఇష్టం, అడుగున మిగిలిన మడుగుల్లో పిల్లలు చేపలు పడుతుంటారు.

కొన్ని జాగ్రత్తలు. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నది సముద్రంలో కలిసేచోట ఇసుకని నమ్మి లోపలికి వెళ్ళకండి, కాళ్ళ కింద లాగేస్తుంది. అక్కడి నుంచి రాగానే కెమెరాని తడిపి పిండిన గుడ్డతో తుడవండి, ఉప్పు ఉండిపోతే లోహాన్ని తినేస్తుంది. ఏసీ గదిలోంచి తెల్లవారుజామున బయటికి తెస్తే లెన్సు మసకబారుతుంది, సంచి జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి ఆ తరవాత తీయండి. మన తేమకి లెన్సుల్లో బూజు పడుతుంది. వాడనప్పుడు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. డ్రోన్ ఎగరేసేముందు ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి.

ఇంకొకటి, దీన్ని జాగ్రత్త అనడం చాలదు. రేవులో స్నానాలు చేసేవాళ్ళనీ, కర్మకాండలు చేసుకునేవాళ్ళనీ తీయకండి. దూరపు లెన్సుతో కూడా వద్దు. ఆ దుఃఖం వాళ్ళది, దృశ్యం కాదు.

ఎడిటింగ్ విషయంలో నా సలహా చిన్నది. పచ్చరంగు పెంచకండి, తగ్గించండి. వరి పచ్చలో పసుపు ఉంటుంది, కొబ్బరి పచ్చలో నీలం ఉంటుంది, అరటి వేరు. స్లైడర్ జరిపితే మూడూ ఒకే రంగైపోతాయి, ఈ ఊరి గుర్తు పోతుంది.

ఒక హద్దు కూడా ఒప్పుకోవాలి. మీ మామగారిని ఎరగనివాడికి ఆ ఖాళీ రేవు చూస్తే మీకు కలిగిందే కలగదు. ఎవరో వెళ్ళిపోయారన్నంత వరకు అందుతుంది. అంతకు మించి ఫోటో నుంచి నేను ఆశించను. అందిందో లేదో తెలియాలంటే, చూపించినప్పుడు "ఎలా ఉంది?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. "ఇక్కడ నువ్వు నిలబడితే ఏమనిపిస్తుంది?" అని అడగండి.

మళ్ళీ వచ్చినప్పుడు ఇలా చేసి చూడండి. సాయంత్రం అయిదింటికే సఖినేటిపల్లి రేవుకి వెళ్ళండి. మొదటి అరగంట కెమెరా సంచిలోనే ఉంచండి. మీ మామగారు ఎక్కడ నిలబడేవారో ఆ చోటు చూసుకుని, దానికి బాగా వెనక్కి జరగండి. ఆ చోటు ఫ్రేములో కింద ఒక పక్కగా, ఖాళీగా రావాలి. జూమ్ సగానికి పైగా లాగి, పంటు నది మధ్య దాటేదాకా ఆగండి. సూర్యుడు ఫ్రేము బయట ఉన్నా ఫర్వాలేదు. పంటు మీద దీపం వెలిగాక ఒకటి, నీటి మీద దాని జాడ కలిసిపోయేలోపు ఇంకొకటి తీయండి. ఆ రెండూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.